ఈ ఫోన్ ఇంకో రెండేళ్ళు వస్తుందా?

(గుంటూరులోని ఒక శాఖా గ్రంథాలయంలో, వేసవి సెలవుల కార్యక్రమాల్లో భాగంగా, మొబైల్ రిపేరు షాపు నడిపే ఒకాయన చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. మైకు పట్టుకోవడం నాకు అలవాటు లేదండీ. పద్దెనిమిదేళ్ళుగా ఈ చేతిలో ఉన్నది ట్వీజరు, స్క్రూడ్రైవరు, సోల్డరింగ్ ఐరన్. లైబ్రేరియన్ గారు మా షాపుకి ఫోన్ బాగుచేయించుకోవడానికి వచ్చి, ‘నాకు చెప్పినవే మా లైబ్రరీలో పది మందికి చెప్పరాదా’ అన్నారు. సరేనన్నాను. పది మంది అన్నారు, ఇక్కడ కుర్చీలు చాల్లేదు. కొంచెం టెన్షన్‌గానే ఉంది, తప్పులుంటే సర్దుకోండి.

మా కౌంటర్ దగ్గర రోజూ వినపడే ప్రశ్న ఒకటుంది. ఫోన్ తెచ్చి అద్దం మీద పెడతారు. ఏమైందో చెప్పరు. ‘ఇది ఇంకో రెండేళ్ళు వస్తుందా, కొత్తది కొనేయమంటావా?’ అంటారు. డాక్టరు దగ్గరికెళ్ళి జ్వరం సంగతి చెప్పకుండా నేను బతుకుతానా అని అడిగినట్టు ఉంటుంది. నేను చాలాసార్లు ‘వస్తుంది’ అనే చెప్తాను. కొత్త ఫోన్ అమ్మితే నాకు నాలుగు రూపాయలు మిగుల్తాయి, కాదనను. అయినా వస్తుందనే చెప్తాను, ఎందుకంటే లెక్క రాసి పెట్టలేదు గానీ, నా దగ్గరికి చావుబతుకుల్లో ఉన్నట్టు వచ్చే ఫోన్లలో సగానికి పైగా వాటికి ఏ జబ్బూ ఉండదు.

మొన్నామధ్య చిలకలూరిపేట వైపు నుంచి ఒకబ్బాయి వచ్చాడు, స్పిన్నింగ్ మిల్లులో పని. ఫోన్ ఛార్జింగ్ ఎక్కట్లేదు. అప్పటికే రెండు ఛార్జర్లు మార్చాడు, మూడు కేబుళ్ళు కొన్నాడు. ఇంకో షాపులో ఛార్జింగ్ బోర్డు పోయిందన్నారట. నేను ముందు ఫోన్ ఆపేసి, భూతద్దం కింద పెట్టి టార్చి కొట్టాను. ఛార్జింగ్ పోర్టు లోపల తెల్లగా ఏదో కనపడింది. చెక్క టూత్‌పిక్‌ని బ్లేడుతో ఇంకా సన్నగా చెక్కి, గోడ వెంబడి నిదానంగా తిప్పి లాగితే నూలు బయటికొచ్చింది. ఉత్త నూలు కూడా కాదు, అదిమి అదిమి గట్టిపడిపోయిన దూది బిళ్ళ, కందిగింజంత. పాపం ఆ అబ్బాయి కేబుల్ పెట్టిన ప్రతిసారీ దూదిని ఇంకాస్త లోపలికి దట్టిస్తున్నాడన్నమాట, తుపాకీలో మందు కూరినట్టు. దూది తీశాక కేబుల్ పెడితే టక్కుమని కూర్చుంది. నేను డబ్బులు తీసుకోలేదు, అతను టీ తాగించాడు.

మిల్లులో పనిచేయకపోయినా మీ అందరి జేబుల్లోనూ దూది ఉంటుంది. చొక్కా జేబు, ప్యాంటు జేబు, చేతిసంచీ అడుగు. కేబుల్ పూర్తిగా లోపలికి పోకుండా కొంచెం బయటే ఆగిపోతుంటే, చేత్తో పట్టుకుంటేనే ఛార్జింగ్ ఎక్కుతుంటే, ముందు అనుమానించాల్సింది దూదినే. ఫోన్ ఆపేయండి, చెక్క పుల్ల వాడండి. పిన్నీసు, సూది, హెయిర్ పిన్ను వద్దే వద్దు. టైప్ సీ పోర్టులో మధ్యలో చిన్న నాలుకలాంటిది ఉంటుంది, దాని మీదే కాంటాక్టులన్నీ ఉంటాయి. అది విరిగిందంటే అప్పుడు నిజంగానే బోర్డు మార్చాలి. నోటితో ఊదడం కూడా వద్దు, గాలితోపాటు తడి పోతుంది.

ఇంక మన మిర్చి యార్డు ఫోన్లు. ఎవరైనా ‘అవతలివాళ్ళ మాట చిన్నగా వినపడుతోందయ్యా’ అంటూ వస్తే, నేను ముందు ‘యార్డులో పనా?’ అని అడుగుతాను. అవునంటే మాస్కు పెట్టుకుంటాను. (నవ్వులు) నవ్వుతారేంటండీ, ఒకసారి పెట్టుకోకుండా విప్పి అరగంట తుమ్మాను. చెవి దగ్గర స్పీకరుకి సన్నటి జాలీ ఉంటుంది కదా, దాని నిండా ఎర్రటి పొడి. మెత్తటి బ్రష్షుతో, ఫోన్ తలకిందులుగా పట్టుకుని దులిపితే చాలు. తడిబట్ట పెట్టారో, ఆ కారం ముద్దయి అక్కడే అంటుకుపోతుంది.

సరే, అసలు జబ్బులకి వద్దాం. మన ఊళ్ళో ఫోన్లకి మొదటి శత్రువు ఎండ. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు మనవాళ్ళు, రోళ్ళే పగిలినప్పుడు బ్యాటరీ ఎంత? పక్కనే రెంటచింతల ఉంది మనకి, ఎండాకాలం వస్తే పేపర్లో దాని పేరు రాని రోజుండదు. యాపిల్ వాళ్ళు తమ ఫోన్‌ని సున్నా నుంచి 35 డిగ్రీల వేడిలో వాడమని రాశారు. మే నెలలో మనకి 35 అంటే పొద్దున్న టిఫిన్ టైము.

బ్యాటరీ లోపల ఏం జరుగుతుందో ఒక్క నిమిషం చెప్తాను, భయపడకండి. ఒకవైపు గ్రాఫైట్ పొరలు, ఇంకోవైపు లోహపు ఆక్సైడు, మధ్యలో ద్రవం. లిథియం అయాన్లు ఈ రెండింటి మధ్యా తిరుగుతుంటాయి. ఛార్జింగ్ పెడితే గ్రాఫైట్ పొరల్లోకి వచ్చి కూర్చుంటాయి, ఫోన్ వాడుతుంటే లేచి అవతలికి పోతాయి. పెళ్ళిలో భోజనాల బంతి చూశారు కదా. ముందు ఆకులు ఖాళీగా ఉన్నప్పుడు జనం గబగబా వచ్చి కూర్చుంటారు. చివర్లో అక్కడొక సీటు, ఇక్కడొక సీటు మిగుల్తాయి. వాటిలో కూర్చోబెట్టడానికి ‘కొంచెం జరగండి బాబాయ్’ అంటూ తోసుకోవాలి. మీ ఫోన్ 80 దాకా పరుగున ఎక్కి, 80 నుంచి 100కి నత్తనడక నడిచేది అందుకే. ఆ తోపులాటలోనే బ్యాటరీ అరుగుతుంది. దానికి వేడి తోడైతే ఇంకా తొందరగా అరుగుతుంది. లోపలి ద్రవం విడిపోయి గ్యాసు పుడుతుంది, బ్యాటరీ ఉబ్బుతుంది.

ఈ లిథియం అయాన్ బ్యాటరీని మొదట 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చింది. దీని వెనకున్న ముగ్గురికి, గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అని, 2019లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు. గుడెనఫ్ గారికి అప్పుడు 97 ఏళ్ళు. అంత వయసులో నోబెల్ అందుకున్నవాళ్ళు ఇంకెవరూ లేరు. ఆయన పేరు చెప్పుకుంటే నాకు భలే ముచ్చటగా ఉంటుంది, పద్దెనిమిదేళ్ళుగా నేను తింటున్న అన్నం సగం ఆయన బ్యాటరీలు పెట్టిందే.

పెద్దవాళ్ళకి ఒక పాత అలవాటుంది. బ్యాటరీ మొత్తం అయిపోయి ఫోన్ ఆగిపోయాకే ఛార్జింగ్ పెట్టడం. కొత్త ఫోన్ కొంటే మొదటిరోజు ఎనిమిది గంటలు ఛార్జింగ్‌లో ఉంచడం. అది పాత నికెల్ క్యాడ్మియం బ్యాటరీల కాలం నాటి పద్ధతి. ఆ బ్యాటరీలు పోయాయి, పద్ధతి మిగిలింది. ఇప్పటి బ్యాటరీకి అడుగంటడమూ మంచిది కాదు, గంటల తరబడి నూటి దగ్గర నిలబడటమూ మంచిది కాదు. 20కి దిగినప్పుడు పెట్టి 80, 85 దగ్గర తీస్తే దానికి హాయి. అలాగని గడియారం చూసుకుంటూ కూర్చోమని కాదు. ఊరెళ్తుంటే నూరు పెట్టుకుని వెళ్ళండి, ఫోన్ మనకోసం ఉంది గానీ మనం ఫోన్‌కోసం లేము. ఇంట్లో ఉండే రోజుల్లో 80 దగ్గర ఆగిపోయేలా సెట్టింగ్స్‌లోనే పెట్టుకోవచ్చు. ఐఫోన్‌లో 15 మోడల్ నుంచి ఉంది, శామ్‌సంగ్‌లో బ్యాటరీ ప్రొటెక్షన్ అని ఉంటుంది, పిక్సెల్‌లోనూ వచ్చింది. ఇంకా కొన్ని కంపెనీలు వేరే పేర్లతో ఇస్తున్నాయి, బ్యాటరీ అన్న చోట వెతకండి.

సైకిల్ అంటే ఏంటని అడుగుతుంటారు. ప్లగ్గు పెట్టిన ప్రతిసారీ ఒక సైకిల్ కాదు. మొత్తం కలిపి నూరు శాతం ఖర్చయితే ఒకటి. ఇవాళ 60, రేపు 40 వాడితే రెండు రోజులకి ఒక సైకిల్ అన్నమాట. ఐఫోన్ 14 దాకా 500 సైకిళ్ళ తర్వాత 80 శాతం సామర్థ్యం మిగిలేలా చేశామని, 15 నుంచి 1000 సైకిళ్ళకి చేశామని కంపెనీయే చెప్తోంది. ఐరోపా వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి, 2025 జూన్ 20 నుంచి అక్కడ మార్కెట్లోకి వచ్చే ఫోన్లకి ఒక రూలు పెట్టారు. బ్యాటరీ కనీసం 800 సైకిళ్ళు తిరిగాక కూడా 80 శాతం నిలబడాలి, ఆ మోడల్ అమ్మకం ఆపేశాక ఏడేళ్ళపాటు ముఖ్యమైన విడిభాగాలు దొరకాలి. నాలాంటివాడికి ఇది పండగ వార్త. మన దేశంలో 2022 డిసెంబరులో వస్తువులు బాగుచేయించుకునే హక్కు కోసం రైట్ టు రిపేర్ పోర్టల్ అయితే పెట్టారు, ఐరోపా వాళ్ళలా గట్టి రూలు కూడా వస్తే బాగుండు.

మాట మళ్ళింది గానీ, నా డ్రాయర్లో ఇప్పటికీ ఒక రెడ్‌మీ 2 ప్రైమ్ ఉంది. 2015 ఆగస్టులో విశాఖపట్నంలో విడుదల చేశారు దాన్ని, తయారైంది మన శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ వాళ్ళ దగ్గర. షియోమీ మన దేశంలో తయారుచేసిన మొదటి ఫోన్ అది. గోటితో వెనక మూత తీసేస్తే బ్యాటరీ చేతిలోకి వచ్చేది. బ్యాటరీ పోతే కొత్తది కొనుక్కుని ఎవరికివాళ్ళు వేసుకునేవాళ్ళు, నాతో పనుండేది కాదు. ఇప్పుడు జిగురేసి మూసేస్తున్నారు, హీటరు మీద పెట్టి వేడిచేసి ఊడదీయాలి. నాకు పని పెరిగింది, సంతోషమే. కానీ మనసులో మాట చెప్పమంటే ఆ పాత మూతే బాగుండేది.

ఎండ విషయంలో రెండు మాటలు. బండి హ్యాండిలు మీద స్టాండు బిగించి ఫోన్ పెట్టుకుంటారు కదా, ఫుడ్ డెలివరీ పిల్లలు మరీను. ఒకటి, నెత్తిమీద ఎండ, లోపల మ్యాప్ నడుస్తోంది, డేటా నడుస్తోంది, పవర్‌బ్యాంకుతో ఛార్జింగ్ ఎక్కుతోంది. నాలుగు వైపులా పొయ్యిలే. రెండోది చాలామందికి తెలియదు. బండి ఇంజిన్ అదురుకి కెమెరా పాడవుతుంది. ఫొటో కదలకుండా ఉండటానికి కొన్ని ఫోన్లలో లెన్సుని సన్నటి స్ప్రింగుల మీద తేలేలా పెడతారు. రోజంతా అదిరితే ఆ ఏర్పాటు చెడిపోతుంది. తర్వాత కెమెరా తెరిస్తే బొమ్మ పూనకం వచ్చినట్టు ఊగుతుంది. యాపిల్ వాళ్ళు 2021లోనే మోటార్ సైకిళ్ళకి బిగించొద్దని చెప్పారు. బిగించక తప్పకపోతే అదురు తగ్గించే రబ్బరు డాంపర్ ఉన్న స్టాండు తీసుకోండి, వాడే పాత ఫోన్ ఉంటే దాన్ని పెట్టండి.

ఫోన్ కాలిపోతుంటే కొందరు ఫ్రిజ్‌లో పెడతారు. వద్దండీ, లోపల చెమ్మ పడుతుంది. కవరు తీసి, ఫ్యాను కింద నీడలో పెట్టండి చాలు. ఛార్జింగ్ పెట్టి దిండు కింద తోసి పడుకోవడం కూడా మానేయండి. వెనక మూత కొంచెం లేచినట్టుంటే, టేబుల్ మీద పెట్టినప్పుడు ఫోన్ తిరుగుడు బొంగరంలా తిరుగుతుంటే బ్యాటరీ ఉబ్బిందని అర్థం. దాన్ని నొక్కి కూర్చోబెట్టకండి, ఛార్జింగ్ ఆపేసి ఆరోజే తీసుకురండి. ఇంట్లో చాకుతో తీయబోయి పొగ తెప్పించినవాళ్ళని చూశాను.

బ్యాటరీ, ఛార్జరు కొనేటప్పుడు బీఐఎస్, అంటే మన దేశపు ప్రమాణాల సంస్థ, గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు చూడండి. బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరు మీద రిజిస్టరైందో వస్తుంది. రాలేదా, ఎంత చవకైనా వదిలేయండి.

నీళ్ళ సంగతి. ఇక్కడ ఎంతమంది సూర్యలంక వెళ్ళొచ్చారు? చేతులు ఎత్తండి. అందరూ ఎత్తారు! ఆదివారం సూర్యలంక, సోమవారం మా షాపు. (నవ్వులు) ఒకాయన చెప్పాడు, ‘ఐపీ68 ఫోన్ కదా అని సముద్రంలో సెల్ఫీ దిగానయ్యా’ అని. ఐపీ68 అంటే నీళ్ళు, దుమ్ము తట్టుకుంటుందని ఇచ్చే గుర్తు. ఆ పరీక్ష మంచినీళ్ళలో చేస్తారు, అదీ కదలని నీళ్ళలో, కొత్త ఫోన్‌కి. సముద్రపు నీళ్ళలో ఉప్పుంటుంది, అలలో దెబ్బుంటుంది. పైగా మీ ఫోన్ ఒకసారి కిందపడి అంచు నొక్కుకుపోయి ఉంటే లోపలి జిగురు ఎక్కడో విడిచే ఉంటుంది. ఐపీ68 అని పెట్టె మీద వేసి, వారంటీలో నీటి నష్టానికి బాధ్యత లేదని వేసే కంపెనీలే ఎక్కువ. సిమ్ ట్రే దగ్గరో లోపలో చిన్న తెల్ల స్టిక్కరు ఉంటుంది, తడి తగిలితే ఎర్రబడుతుంది. సర్వీస్ సెంటరువాళ్ళు ముందు దాన్నే చూస్తారు.

తడిసిన ఫోన్‌ని బియ్యం డబ్బాలో పెట్టడం... ఇది మన ఇళ్ళల్లో మానలేని ఆచారం అయిపోయింది. యాపిల్ వాళ్ళు బియ్యంలో పెట్టొద్దని తమ సూచనల్లోనే రాశారు. 2024లో అది పెద్ద వార్తయింది. నేనైతే వాళ్ళు చెప్పకముందు నుంచీ చెప్తున్నాను. బియ్యం తవుడు పోర్టులోకి పోయి తడితో కలిస్తే జావ. ఏం చేయాలంటే, ముందు ఆపేయండి. పనిచేస్తోందా లేదా అని మాటిమాటికీ ఆన్ చేసి చూడకండి, బోర్డు షార్టయ్యేది అప్పుడే. పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని అరచేతి మీద మెల్లగా తట్టండి, గాలి ఆడే చోట పెట్టండి, తడి ఆరేదాకా ఛార్జింగ్ పెట్టొద్దు. హెయిర్ డ్రయ్యరు వద్దు. సముద్రపు నీళ్ళయితే ఆరేదాకా కూడా ఆగకండి, అదేరోజు ఎవరైనా మెకానిక్ చేతిలో పెట్టండి. ఉప్పు ఆగదు, తింటూనే ఉంటుంది.

స్టోరేజి గురించి ఎక్కువ చెప్పను. ‘ఫోన్ హ్యాంగవుతోంది’ అని వచ్చే పెద్దవాళ్ళ ఫోన్లలో నాకు దొరికేవి గులాబీ పువ్వులు, కాఫీ కప్పులు, శుభోదయాలు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా అన్న చోట మేనేజ్ స్టోరేజ్ అని ఉంటుంది. ఏ గ్రూపు ఎంత మేస్తోందో పెద్దదాని నుంచి చిన్నదానికి వరసగా చూపిస్తుంది. అక్కడే తీసేయొచ్చు. ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ ఇదివరకు గూగుల్ ఖాతాలో లెక్కకి వచ్చేది కాదు. 2024 నుంచి ఆ ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే లెక్కేస్తున్నారు. మెయిళ్ళు రావట్లేదని ఒక మాస్టారు వచ్చారు, చూస్తే శుభోదయాలన్నీ బ్యాకప్‌లోకెక్కి మెయిలు పెట్టె నిండిపోయింది.

అప్‌డేట్ల దగ్గర మాత్రం ఆగుతాను. ‘అప్‌డేట్ చేస్తే ఫోన్ స్లో అవుతుందట కదా’ అంటారు. పాత ఫోన్లలో ఆ మాట కొంత నిజమే, నేనూ చూశాను. అయినా చేయమనే చెప్తాను. ఎందుకో మన తెలుగు అక్షరం కథే చెప్తాను.

2018 ఫిబ్రవరి. ఐఫోన్‌లలో ఐఓఎస్ 11.2.5 నడుస్తోంది. ఎవరో ఒక తెలుగు అక్షరం మెసేజ్‌లో పంపితే, అది తెరిచిన ఫోన్‌లో యాప్ కుప్పకూలిపోతోంది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ కూలుతోంది. ఆ అక్షరం నోటిఫికేషన్‌లో వచ్చిందంటే ఫోన్ ఫోనే పడకేస్తోంది. ప్రపంచమంతా వార్త. ఆ అక్షరం ఏంటో తెలుసా? ‘జ్ఞా’. అమెరికాలో ఐటీ ఉద్యోగం చేస్తున్న మా బావమరిది ఫోన్ చేసి, ‘మన జ్ఞానం వీళ్ళ ఫోన్లు తట్టుకోలేకపోతున్నాయి బావా’ అని ఒకటే నవ్వు. (నవ్వులు, చప్పట్లు)

కానీ మనం మామూలుగా రాసే జ్ఞానంతో ఏమీ కాలేదు. మరి తేడా ఎక్కడుంది? ఫోన్‌కి జ్ఞా ఒక అక్షరం కాదు. జ, పొల్లు, ఞ, దీర్ఘం, ఇలా వరసగా పేర్చిన ముక్కలు. ఆ చెడగొట్టే జ్ఞాలో ఞకీ దీర్ఘానికీ మధ్య కంటికి కనపడని ఇంకో ముక్క ఉంది. రెండక్షరాలు అతుక్కోకుండా అడ్డుపెట్టే ముక్క అది. మనం ‘ఫోన్‌లో’ అని రాసేటప్పుడు న పొల్లు విడిగా నిలబడటానికి వాడేది అదే. లేకపోతే నకింద లావత్తు పడి ‘ఫోన్లో’ అవుతుంది. ఆ ముక్క ఉండకూడని చోట ఉంటే దాన్ని ఎలా గీయాలో ఐఫోన్‌కి అర్థం కాలేదు, చేతులెత్తేసింది. తర్వాత తేలిందేంటంటే బెంగాలీ, దేవనాగరి అక్షరాలు కొన్నింటితోనూ అదే గొడవ. ఫిబ్రవరి 19న 11.2.6 వచ్చింది, బాగైంది. ఆ అప్‌డేట్ వేసుకున్నవాడి ఫోన్ నిలబడింది. ‘నాకెందుకులే’ అనుకున్నవాడి ఫోన్‌ని ఏ కొంటె కుర్రాడైనా ఒక్క అక్షరంతో పడగొట్టగలిగే స్థితి. ఆ అక్షరంతో వచ్చింది కాస్త చిరాకే. కనపడని కన్నాలు ఇంకా ఉంటాయి, వాటితో పోయేది బ్యాంకులో డబ్బు.

అందుకని ఫోన్ కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళు అని కాకుండా, ఎన్నేళ్ళు అప్‌డేట్లు ఇస్తారు అని అడగండి. గూగుల్ పిక్సెల్ 8 నుంచి, శామ్‌సంగ్ ఎస్24 నుంచి ఏడేళ్ళు ఇస్తామన్నారు. చవక ఫోన్లకి అంత ఉండదు, రెండు మూడేళ్ళకే ఆపేసేవీ ఉన్నాయి. మీ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. అది రెండేళ్ళ కిందట ఆగిపోయి ఉంటే, బ్యాటరీ ఎంత బాగున్నా, ఆ ఫోన్‌లో ఫోన్‌పే, బ్యాంకు యాప్ ఉంచకండి. పాటలకి, పిల్లల పాఠాలకి వాడుకోండి. ‘రెండేళ్ళు వస్తుందా’ అన్నదానికి నేను రాదని చెప్పేది ఈ ఒక్క చోటే.

శుభలేఖలు. శ్రావణం, మాఘం వస్తే వాట్సాప్‌లో పెళ్ళి పత్రిక వస్తుంది, నొక్కితే ఇన్‌స్టాల్ చేయమంటుంది. పేరు చివర ఏపీకే అని ఉంటుంది, అంటే అది బొమ్మ కాదు, యాప్. శుభలేఖ బొమ్మగా వస్తుంది, వీడియోగా వస్తుంది, పసుపు రాసిన కాగితంగా వస్తుంది. ఇన్‌స్టాల్ చేయాల్సిన శుభలేఖ భూమ్మీద లేదు. ట్రాఫిక్ చలానా పేరుతో వచ్చేదీ అంతే. పొరపాటున నొక్కి డబ్బు పోతే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మా షాపుకి తర్వాత రావచ్చు. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇక ఫోన్ పోతే. ఇప్పుడే, కూర్చున్నచోటే, డయలర్ తెరిచి *#06# కొట్టండి. కాల్ బటన్ నొక్కక్కర్లేదు. 15 అంకెల నంబరు వచ్చిందా? అదే ఐఎంఈఐ, మీ ఫోన్ గుర్తింపు నంబరు. రెండు సిమ్‌లుంటే రెండొస్తాయి. దాన్ని కాగితం మీద రాసుకోండి, లేదా ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టండి. మీ ఫోన్‌లోనే స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటే... అదిగో, అమ్మాయి నవ్వుతోంది, అర్థమైంది.

ముందు ఇంట్లో ఎవరి ఫోన్‌లోనైనా గూగుల్ ఫైండ్ హబ్‌లోకి మీ ఖాతాతో వెళ్ళి మోగించి చూడండి. ఆండ్రాయిడ్ ఫోన్ సైలెంట్‌లో ఉన్నా మోగుతుంది. మా పక్క కొట్టాయన ఫోన్ పోయిందని గోల పెడితే, అలా మోగిస్తే బియ్యం బస్తాల మధ్య నుంచి వినపడింది. నిజంగానే పోతే బ్యాంకుకి చెప్పి యూపీఐ ఆపించండి, పోలీసు ఫిర్యాదు ఇవ్వండి, డూప్లికేట్ సిమ్ తీసుకోండి. తర్వాత కేంద్ర ప్రభుత్వం వాళ్ళ సంచార్ సాథీ వెబ్‌సైటులో ఐఎంఈఐ ఇచ్చి ఫోన్ బ్లాక్ చేయించండి. కొత్త సిమ్‌కి మెసేజ్‌లు రావడానికి 24 గంటల దాకా పట్టొచ్చు, ఓటీపీ రాలేదని కంగారు పడొద్దు. బ్లాక్ అయిన ఫోన్‌లో దేశంలో ఏ కంపెనీ సిమ్ వేసినా పనిచేయదు, వేయబోయినవాడి జాడ పోలీసులకి తెలుస్తుంది. 2023 మేలో దేశమంతా మొదలైంది ఈ ఏర్పాటు, దీనివల్ల ఫోన్లు తిరిగొచ్చినవాళ్ళు నా కస్టమర్లలోనే ఉన్నారు.

ఏంటి బాబాయ్ గారూ? ‘ఆ యాప్ గురించి పేపర్లో గొడవ వచ్చింది కదా’ అంటున్నారు. అవునండీ. 2025 నవంబరు చివర్లో, ప్రతి కొత్త ఫోన్‌లోనూ సంచార్ సాథీ యాప్ ముందే వేసి అమ్మాలని కంపెనీలకి ఆదేశం ఇచ్చారు. మన ఫోన్‌లో మనల్ని అడక్కుండా ప్రభుత్వం యాప్ ఏంటని పెద్ద చర్చ జరిగింది. డిసెంబరు 3న ఆ తప్పనిసరి అన్నది వెనక్కి తీసుకున్నారు. నన్నడిగితే అలా తీసుకోవడమే మంచిదైంది. పనికొచ్చే వస్తువుని కూడా బలవంతంగా నోట్లో కుక్కితే ఎవరైనా ఉమ్మేస్తారు. యాప్ వద్దనుకుంటే వెబ్‌సైటు ఉంది, అదే పని చేస్తుంది.

సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేవాళ్ళు ఒక్కటి చేయండి. కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు వేసి 14422కి మెసేజ్ పంపండి. ఫోన్ మోడల్ ఏంటో, బ్లాక్‌లో ఉందో లేదో వస్తుంది. పెట్టె మీది నంబరు కాదు, ఫోన్‌లో *#06#తో వచ్చిందే పంపండి.

మా వృత్తి మీద కూడా ఒక మాట చెప్పాలి, మా వాళ్ళు కోప్పడినా సరే. డిస్‌ప్లే మార్చడానికి మెకానిక్‌కి మీ పిన్ను అక్కర్లేదు. ఇవ్వకండి. శామ్‌సంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్ ఉంది, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ ఉంది. అది ఆన్ చేసి ఇస్తే మీ ఫొటోలు, మెసేజ్‌లు మాకు కనపడవు, టచ్, కెమెరా, స్పీకరు అన్నీ పరీక్షించుకోవచ్చు. సిమ్ తీసి ఇవ్వండి. ‘పిన్ చెప్పకపోతే పని కాదు’ అని ఎవరైనా గట్టిగా అంటే ఎందుకో అడగండి.

టైమ్ అయిపోయిందని లైబ్రేరియన్ గారు చెయ్యి ఊపుతున్నారు. ఒక్క ప్రశ్న తీసుకుంటాను. చెప్పండమ్మా, ఆ మూలనున్నావిడ. ఆవిడకి మైకు ఇవ్వండి.

సరే, వెనకవాళ్ళకి వినపడలేదు, నేను చెప్తాను. వాళ్ళాయన పోయి ఏడాదైందట. ఆయన ఫోన్ వర్షంలో తడిసి ఆగిపోయింది, బీరువాలో పెట్టేశారు. మనవరాలి ఓణీల ఫంక్షను ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయట. చిప్పు తీసి ఇంకో ఫోన్‌లో పెడితే రావా అని అడుగుతున్నారు.

అమ్మా, పాత రోజుల్లో అయితే కొంత వీలుండేది. ఇప్పటి ఫోన్లలో అలా రావు. ఫొటోలన్నిటికీ లోపల తాళం వేసి ఉంటుంది, ఆ తాళంచెవి అదే బోర్డు మీది ప్రాసెసర్‌లో ఉంటుంది. అంటే ఆ బోర్డునే ఒక్క గంటైనా బతికించాలి. తుప్పు కడిగి, ఎక్కడ షార్టయిందో వెతికి, ఆ ఒక్క ముక్క మారిస్తే లేచినవి చాలా ఉన్నాయి. లేవనివీ ఉన్నాయి, మాట ఇవ్వలేను. ఛార్జింగ్ మాత్రం పెట్టి చూడకండి. అది లేచినా ఆయన పెట్టుకున్న లాక్ తెలియాలి. ఇప్పుడేగా పిన్ను ఎవరికీ చెప్పొద్దన్నాను, నేనే అడగాల్సి వస్తోంది.

ఏమంటున్నారు? అంకెలు కాదా? గీతలా? ఆయన వేలు తిప్పుతుంటే రోజూ పక్కన కూర్చుని చూసేవారా... మూడు చుక్కల ముగ్గులాగా, పై నుంచి మొదలుపెట్టి... ఆగండాగండమ్మా, ఇంతమందిలో గాల్లో గీసి చూపించకండి! (నవ్వులు) రేపు పొద్దున పదింటికి ఫోన్ తీసుకుని షాపుకి రండి. మనవరాలిని కూడా తీసుకురండి. అక్కడ గీద్దురుగాని.